చంటిబిడ్డ కారు సీట్లో నిద్రపోతే ఇంటికొచ్చాక అలాగే వదిలేయవచ్చా? పట్టీలు ఎంత బిగించాలి?

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనది రాస్తాను. పాపకు మూడు నెలలు. పైన హ్యాండిల్ ఉండి, కారులో బిగించి ఉంచే బేస్ (అడుగు పీఠం) మీద క్లిక్‌మని కూర్చునే, వెనక్కి తిరిగి ఉండే సీటు వాడుతున్నారు. కారు కదలగానే పాప నిద్రపోతుంది. ఇంటికి వచ్చాక తీస్తే లేస్తుందని సీటుతో సహా లోపలికి తెచ్చి, పట్టీలు కాస్త వదులు చేసి, లేచేదాకా అలాగే ఉంచుతున్నారు. పట్టీలు బిగిస్తే పాపకు ఊపిరాడదని మీ అత్తగారి భయం. పది నిమిషాల దారికి ఇంత హంగామా ఎందుకు, ఒడిలో పెట్టుకుంటే పోదా అని ఇంట్లో వాదన. సీటును ముందుకు ఎప్పుడు తిప్పాలన్నది ఆఖరి ప్రశ్న.

సూటిగా జవాబులు: కారు కదులుతున్నంతసేపు పాప సీట్లోనే ఉండాలి, పట్టీలు బిగించే ఉండాలి. ఇంటికి వచ్చాక సీట్లోంచి తీసి, చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. పట్టీలు వదులు చేసి సీట్లోనే ఉంచడం చాలా ప్రమాదకరమైన పద్ధతి. ఒడి సంగతి పది నిమిషాలకే కాదు, ఒక్క నిమిషానికి కూడా వద్దు. ముందుకు తిప్పడానికి తొందరేమీ లేదు.

పుట్టిన పిల్లల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు తల్లిదండ్రులకు కారు సీటు బిగించడం, బిడ్డను అందులో పెట్టడం నేర్పుతున్నాను. ఈ పనిలో నేను గమనించింది ఒకటే. ఏ సీటు కొనాలి అని జనం నెలల తరబడి వెతుకుతారు. కొన్నాక రోజూ బిడ్డను ఎక్కించే ఆ అర నిమిషం మీద అందులో పదో వంతు శ్రద్ధ కూడా ఉండదు. నా దగ్గరికి వచ్చే సీట్లలో నాసిరకంవి అరుదు. మంచి సీటును వదులుగా వాడేవాళ్లే ఎక్కువ.

నిద్ర గురించి

మీరు అడిగిన వాటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే, అందుకే దీనితో మొదలుపెడుతున్నాను.

మూడు నెలల బిడ్డకు మెడ ఇంకా పూర్తిగా నిలవదు. తల బరువు. గడ్డం వెళ్లి ఛాతీకి ఆనుకుంటే గొంతులోని శ్వాసనాళం మెత్తటి ప్లాస్టిక్ గొట్టం మడత పడ్డట్టు మడత పడుతుంది. పెద్దవాళ్లమైతే నిద్రలోనే తల ఎత్తేస్తాం. ఈ వయసు బిడ్డ ఎత్తలేదు. పైగా ఆ ఇబ్బందికి శబ్దం ఉండదు. ఏడుపు రాదు, దగ్గు రాదు. పక్క గదిలో ఉన్నవాళ్లకు పాప హాయిగా నిద్రపోతోందనే అనిపిస్తుంది.

మరి కారులో కూడా అదే సీటు కదా అంటారు. కారులో ఆ సీటు బేస్ మీద ఒక లెక్క ప్రకారం వాలి ఉంటుంది. పుట్టిన పిల్లలకు సుమారు 45 డిగ్రీల వాలు ఉండేలా చూస్తారు, అలా ఉంటే తల వెనక్కి ఆనుతుంది. అదే సీటును తీసి నేల మీద పెడితే ఆ వాలు మారిపోతుంది. చాలా మోడళ్లకు అడుగు గుండ్రంగా ఉంటుంది, బిడ్డ కాస్త కదిలినా ఊగుతుంది. సోఫా మీదో పరుపు మీదో పెడితే ఇంకా అధ్వాన్నం, ఒక పక్కకు ఒరిగి బోర్లా పడిపోవచ్చు.

ఇక పట్టీలు వదులు చేయడం. బిగించిన పట్టీలు బిడ్డను ఒక భంగిమలో పట్టి ఉంచుతాయి. వదులు చేయగానే బిడ్డ నెమ్మదిగా కిందికి జారుతుంది. నడుము జారితే ఛాతీ మీద ఉండాల్సిన పట్టీ గొంతు దగ్గరికి వస్తుంది. కింది బకిల్ విప్పేసి, రెండు భుజం పట్టీలను ఛాతీ దగ్గర కలిపే పై క్లిప్ మాత్రం ఉంచేవాళ్లు కూడా ఉన్నారు. అది మరీ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు బిడ్డ బరువంతా ఆ క్లిప్ దగ్గరే, అంటే మెడ దగ్గరే ఆగుతుంది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో 2004 నుంచి 2014 వరకు నిద్రలో జరిగిన దాదాపు 12 వేల శిశు మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో ‘పీడియాట్రిక్స్’ వైద్య పత్రికలో వచ్చింది. కారు సీట్లు, ఊగే కుర్చీలు, స్ట్రోలర్ల (తోసే బండ్లు) వంటి కూర్చోబెట్టే వస్తువుల్లో జరిగినవి అందులో 3 శాతం. వాటిలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ కారు సీట్లలోవే. ఆ కారు సీట్ల కేసుల్లో సీటును చెప్పిన పద్ధతిలో వాడుతున్నవి పదింట ఒకటి కూడా లేవు. దీన్ని తిప్పి చూస్తే ధైర్యం కూడా వస్తుంది: కారులో, సరిగ్గా బిగించి, పెద్దవాళ్ల కళ్ల ముందు ఉన్న నిద్ర గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ప్రయాణంలో పాప నిద్రపోవడం మామూలే. అది చూసి లేపనక్కర్లేదు.

లేపకుండా తీయడం ఎలా అని మీరు అడగబోతారు. సీటును లోపలికి తెచ్చి పాప పడక దగ్గరే నేల మీద పెట్టండి. బకిల్ విప్పి, రెండు చేతులనూ పట్టీల్లోంచి ముందే బయటికి తీసేయండి. చాలామంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు, ఎత్తేటప్పుడు చేయి పట్టీలో ఇరుక్కుని బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఒక చేయి మెడ వెనక, ఒక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తి, ఛాతీకి ఆనించుకుని ఒక నిమిషం అలాగే ఉండండి. పడుకోబెట్టేటప్పుడు ముందు కాళ్లు, తర్వాత నడుము, ఆఖరికి తల పరుపును తాకాలి. కొన్నిసార్లు లేస్తుంది. లేచినా ఫర్వాలేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయం వేరు. 37 వారాల లోపు పుట్టిన బిడ్డను చాలా ఆసుపత్రుల్లో ఇంటికి పంపే ముందు వాళ్ల సొంత కారు సీట్లోనే గంటన్నర, రెండు గంటలు కూర్చోబెట్టి, ఆక్సిజన్, గుండె వేగం చూస్తారు. మీ పాప అలా పుట్టిందో లేదో మీరు రాయలేదు. అలాగైతే ఎంతసేపు కూర్చోబెట్టవచ్చో డాక్టర్‌నే అడగండి, నా మాట మీద ఆధారపడకండి. నెలలు నిండి పుట్టిన పిల్లలకైనా, దూర ప్రయాణాల్లో రెండు గంటలకు మించకుండా ఆపి, బిడ్డను తీసి, కాసేపు చదునుగా పడుకోబెట్టడం మంచిది. మొదటి కొన్ని వారాల్లో ఇంకా తరచుగా ఆపాలి, వీలైతే వెనక సీట్లో బిడ్డ పక్కన ఒకరు కూర్చోవాలి.

పట్టీలు: ఎంత బిగువు?

మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. పట్టీలు బిగించడానికి సీటు ముందు కింద వేలాడే ఆ తోక పట్టీ లాగుతుంటే చూసేవాళ్లకు బిడ్డను కట్టేస్తున్నట్టే ఉంటుంది. కానీ బిగువు అంటే నొక్కేయడం కాదు. పాప భుజం దగ్గర, మెడకూ భుజానికీ మధ్య ఉండే ఎముక మీద, పట్టీని నిలువుగా బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య గిల్లినట్టు పట్టుకోండి. వేళ్ల మధ్యకు మడత వచ్చిందంటే వదులు. వేళ్లు జారిపోతూ మడత పట్టుకోలేకపోతే సరిపోయింది. అంతకుమించి లాగనక్కర్లేదు, ఒంట్లోకి దిగి గాడి పడేంత అయితే ఎక్కువైనట్టే.

ఇంట్లో పెద్దవాళ్లతో వాదన వచ్చిన ప్రతిచోటా నేను చేసేది ఒకటే. పట్టీ నేను బిగించను, వాళ్ల చేతే బిగింపిస్తాను. వాళ్ల వేళ్లతోనే గిల్లి చూడమంటాను, పాప పొట్ట మీద చేయి పెట్టి ఊపిరి ఎలా వస్తోందో చూడమంటాను. చిన్నపిల్లలు పొట్టతోనే ఊపిరి తీసుకుంటారు, భుజాల మీద, తుంటి మీద పడే పట్టీలు దానికి అడ్డు రావు. ఇది తన చేత్తో చూసుకున్న నానమ్మ తర్వాత కోడలికంటే ఎక్కువ పట్టుదలగా బిగిస్తుంది. మీ అత్తగారికి కూడా ఆ పని అప్పగించి చూడండి.

వరస ముఖ్యం. ముందు బిడ్డ పిరుదులు సీటు మూలకు, వీపు వెనక్కి పూర్తిగా ఆనాలి. చంటిపిల్లలు ముడుచుకుంటారు కాబట్టి చాలాసార్లు నడుము ముందుకు జారి, వీపు కింద ఖాళీ ఉండిపోతుంది. అలాగే బిగిస్తే ఆ ఖాళీ తర్వాత వదులుగా మారుతుంది. పట్టీలు మెలికపడకుండా చూసుకుని బకిల్ పెట్టండి. తొడల దగ్గర వదులుగా ఉన్న పట్టీని ముందు పైకి లాగి, అప్పుడు కింది తోక పట్టీ లాగండి. మధ్యలోని ఈ మెట్టు వదిలేస్తే పైన బిగువుగా, కింద వదులుగా ఉంటుంది, గిల్లి చూస్తే బాగానే ఉన్నట్టు మోసం చేస్తుంది.

వెనక్కి తిరిగిన సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజానికి సమానంగా లేదా కాస్త కింద నుంచి రావాలి. గుద్దుకున్నప్పుడు బిడ్డ సీటు వీపు మీదుగా పైకి జారబోతుంది, కింది నుంచి వచ్చే పట్టీ దాన్ని ఆపుతుంది. మీ సీటు మాన్యువల్లో దీనికి కాస్త తేడాగా రాసి ఉంటే మాన్యువల్ మాటే వినండి. ఛాతీ క్లిప్ ఉన్న మోడల్ అయితే అది చంకల ఎత్తులో ఉండాలి. పొట్ట మీదకు దిగితే పట్టీలు భుజాల మీంచి జారతాయి. కొన్ని సీట్లకు అసలు ఆ క్లిప్పే ఉండదు, లేదని కంగారుపడి బయట కొని తగిలించకండి.

దళసరి బట్టల గురించి ఒక సంగతి. చలికాలంలో ఒక జంట బిడ్డను దూది కుక్కినట్టున్న సూట్‌లో తెచ్చారు. పట్టీలు చక్కగా బిగించారు, గిల్లినా మడత రాలేదు. తోక పట్టీ ముట్టుకోకుండా బకిల్ విప్పి, సూట్ తీసేసి, మామూలు చొక్కాతో బిడ్డను మళ్లీ కూర్చోబెట్టి అదే బకిల్ పెట్టమన్నాను. ఛాతీకి, పట్టీకి మధ్య తండ్రి పిడికిలి మొత్తం దూరింది. ఆయన పిడికిలి తీసి ఇంకోసారి పెట్టి చూశాడు. గుద్దుకున్న క్షణంలో ఆ దూదంతా అణిగిపోతుంది, మిగిలేది ఆ ఖాళీ. చలిగా ఉంటే పల్చటి బట్టలతోనే కట్టి, దుప్పటి పట్టీల పైన కప్పండి, కింద కాదు. మొహం మీదకు రాకుండా చూసుకోండి.

బిగించగానే ఏడుస్తుందంటారా, చాలామంది పిల్లలు ఏడుస్తారు. వెల్లకిలా పెట్టడం, చేతుల్లోంచి దింపడం నచ్చక ఏడుపు. పట్టీ మెలిక పడిందా, బకిల్ తొడకు గుచ్చుకుంటోందా, ఎండలో ఉండి లోహం వేడెక్కిందా అని ఒకసారి చూడండి. ఇవేవీ లేకపోతే ఆ ఏడుపుకు పట్టీ కారణం కాదు. దారిలో ఏడుపు భరించలేనంతగా ఉంటే కారు పక్కకు ఆపి తీయండి. నడుస్తున్న కారులో మాత్రం తీయకండి.

“పది నిమిషాలే కదా”

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడలాంటి దాన్ని గుద్ది ఆగడానికి పట్టేది సెకనులో పదో వంతు కంటే తక్కువ. ఆ సమయంలో 5 కిలోల బిడ్డను పట్టుకోవడమంటే సుమారు 100 కిలోల బరువును ఆపడం. ఎంత గట్టిగా పట్టుకుంటానన్నా అది మనిషి చేతుల వల్ల కాదు, తల్లి చేతుల వల్ల కూడా కాదు. మీరు బెల్టు పెట్టుకోకపోతే మీ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టుకుంటే బిడ్డ మీకూ బెల్టుకూ మధ్య నలిగిపోతుంది. ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్‌లో పెట్టుకున్నా ఇదే లెక్క, అది నడవడానికి చేసినది.

దారి పొట్టిదైనంత మాత్రాన గుద్దుకునే వేగం తగ్గదు. పాలిచ్చే సమయానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆగి పాలివ్వండి.

సీటు కారుకు పట్టిందా?

పైన చెప్పినవన్నీ సీటు కారుకు గట్టిగా పట్టుకుని ఉంటేనే పనికొస్తాయి. వెనక సీటే మేలు. ముందు సీట్లో ఎయిర్ బ్యాగ్ పనిచేస్తున్న చోట వెనక్కి తిరిగిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు. ఆ బ్యాగ్ గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో తెరుచుకుని, సరిగ్గా బిడ్డ తల ఉన్న చోట సీటు వీపును కొడుతుంది.

ఐసోఫిక్స్ కొక్కేలతో (కారు సీటులోనే ఉండే లోహపు కడ్డీలకు తగిలించేవి) బిగించినా, కారు బెల్టుతో బిగించినా, సరిగ్గా బిగిస్తే రెండూ మంచివే. రెండూ కలిపి వాడితే రెట్టింపు భద్రత అనుకునేవాళ్లు ఉన్నారు, మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప అలా చేయకూడదు. బెల్టు దూరే చోట, లేదా కొక్కేలు ఉన్న చోట బేస్‌ను పట్టుకుని అటూ ఇటూ లాగి చూడండి, కదలిక 2.5 సెంటీమీటర్లు దాటకూడదు. సీటు పైభాగాన్ని పట్టుకుని ఊపి కదులుతోందని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. వెనక్కి తిరిగిన సీటు పైభాగం కొంత ఊగడం మామూలే.

బేస్‌కు నేలకు ఆనే కాలు ఉంటే అది కారు నేలకు గట్టిగా ఆనాలి. కొన్ని కార్లలో కాళ్ల దగ్గర నేల కింద సామాను పెట్టుకునే డబ్బా ఉంటుంది, దాని మూత మీద ఆ కాలు పెట్టవచ్చో లేదో కారు మాన్యువల్లో చూడండి. పిల్లల సీటు మీద వాలు చూపే గీతో, బుడగో కారు చదునైన నేల మీద ఉన్నప్పుడే చూడాలి. ఎత్తుపల్లాల మీద ఆపి చూస్తే తప్పు చూపిస్తుంది. తల పక్కకు వాలితే ఫర్వాలేదు. ముందుకు, ఛాతీ మీదకు వాలుతుంటే మాత్రం వాలు సరిచేయాలి. తలను వెనక్కి కట్టి ఉంచే బ్యాండ్లు అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు.

హ్యాండిల్ ప్రయాణంలో పైకి ఉండాలా, వెనక్కి ఉండాలా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. దీనికి మాత్రం మాన్యువల్ తప్ప ఎవరి సలహా పనికిరాదు, నాది కూడా.

రోజువారీ సంగతులు

సీటు మోసుకెళ్లి బల్ల మీదో, కౌంటర్ మీదో, షాపింగ్ ట్రాలీ పైనో పెట్టడం నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ వాటికి కారణం. బిడ్డ కాళ్లు తన్నుకుంటే చాలు, సీటు జరుగుతుంది. ఎక్కడ పెట్టినా నేల మీద పెట్టండి, కాసేపే అయినా పట్టీలు పెట్టే ఉంచండి. ఎత్తే ముందు హ్యాండిల్ లాక్ అయిందో లేదో ఒకసారి పైకి కొద్దిగా లాగి చూడటం అలవాటు చేసుకోండి.

ఎండ పడుతోందని సీటు మొత్తం మీద గుడ్డ కప్పేసేవాళ్లు ఉన్నారు. లోపల గాలి ఆడదు, వేడి పెరుగుతుంది, పైగా బిడ్డ మొహం మనకు కనిపించదు. కిటికీకి తెర పెట్టండి.

ఆగి ఉన్న కారులో బిడ్డను వదలడం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. 2005లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో బయట 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా మూసిన కారులో గంటలో 40 డిగ్రీలు దాటింది. పెరిగే వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. కిటికీ అద్దం కొంచెం దించినా పెద్ద తేడా రాలేదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఇలా మరిచిపోయినవాళ్లంతా బాధ్యత లేనివాళ్లు అనుకుంటాం, కానీ చాలా కేసుల్లో జరిగింది రోజువారీ వరస మారడమే: మామూలుగా అమ్మ దింపుతుంది, ఆ రోజు నాన్న తీసుకెళ్లాడు, బిడ్డ వెనక నిద్రపోయింది. వెనక్కి తిరిగిన సీటులో బిడ్డ కనిపించదు కూడా. అందుకే ఫోనో, ఆఫీసు బ్యాగో, ఎడమ కాలి చెప్పో వెనక సీట్లో బిడ్డ పక్కన పెట్టండి. దిగేటప్పుడు వెనక తలుపు తెరవక తప్పదు.

విడిగా కొన్న మెత్తలు, పట్టీలకు తొడిగే కవర్లు, తల చుట్టూ దిండ్లు సీటుతో పాటు రాకపోతే వాడకండి. ఆ సీటును పరీక్షించినప్పుడు అవి అందులో లేవు. వేలాడే గట్టి బొమ్మలు, బరువైన అద్దం గుద్దుకున్నప్పుడు ఎగిరి బిడ్డకే తగులుతాయి. గుడ్డ బొమ్మ చాలు. పాలు కక్కితే కవర్ ఉతకవచ్చు, పట్టీలను మాత్రం తడిగుడ్డ, తేలికపాటి సబ్బుతో తుడవండి. పట్టీలను మెషీన్‌లో వేసినా, బ్లీచ్‌లో నానబెట్టినా దారాల బలం తగ్గుతుంది.

ఎవరో వాడిన సీటు ఇస్తామంటే రెండు ప్రశ్నలు అడగండి. ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉందా? గడువు తేదీ ఎంత? తేదీ సీటు అడుగున గానీ, వెనక గానీ స్టిక్కర్ మీద లేదా ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసి ఉంటుంది. మొదటి ప్రశ్నకు గట్టి జవాబు చెప్పగలిగేంత దగ్గరివాళ్లు కాకపోతే నేనైతే తీసుకోను.

ముందుకు ఎప్పుడు తిప్పాలి?

చంటిబిడ్డ తల ఒంటి పొడవులో దాదాపు పావు వంతు. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, మధ్యలో మెత్తటి భాగాలు ఉంటాయి. ముందుకు తిరిగి ఉంటే, గుద్దుకున్నప్పుడు ఒంటిని పట్టీలు ఆపుతాయి గానీ తలను ఆపాల్సింది మెడే. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బను తల, మెడ, వీపు కలిసి సీటు వీపు మీదే పంచుకుంటాయి. అందుకే యూరప్‌లో పిల్లల కారు సీట్లకు వాడే ఆర్129 భద్రతా ప్రమాణం కనీసం 15 నెలల దాకా వెనక్కే ఉండాలంటుంది. అమెరికా శిశువైద్యుల సంఘం 2018లో వయసు లెక్క తీసేసి, సీటు ఒప్పుకునే ఎత్తు, బరువు దాటేదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా ఉంచడం మామూలే.

మీరు వాడుతున్న హ్యాండిల్ సీటు అంతకాలం రాదు. చాలామంది పిల్లలకు మొదటి పుట్టినరోజు దగ్గర పడేసరికి, కొందరికి అంతకు ముందే, ఎత్తు సరిపోదు. సాధారణంగా తల పైభాగానికి, సీటు పై అంచుకు మధ్య 2.5 సెంటీమీటర్ల కంటే తక్కువ మిగిలితే, లేదా స్టిక్కర్ మీద ఉన్న బరువు దాటితే, మార్చే సమయం వచ్చినట్టు. అప్పుడు కూడా వెనక్కి తిరిగి ఉండే పెద్ద సీటుకే మారండి. కాళ్లు సీటుకు తగిలి ముడుచుకుంటున్నాయన్నది తిప్పడానికి కారణం కాదు. పిల్లలు అలా కూర్చోవడానికి ఏమాత్రం ఇబ్బంది పడరు, ఇబ్బంది చూసే మనకే.

ఇంకా సందేహం ఉంటే మీ సీటు మోడల్, కారు మోడల్, బేస్ ఐసోఫిక్స్‌దా బెల్టుదా అన్నది ఇక్కడ రాయండి. పాపను పెట్టి బిగించాక పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి ఫొటో తీసి చూసుకోండి. పాప మొహం కనిపించకుండా పట్టీలు, బకిల్ వరకు కత్తిరించి పెడితే, భుజం పట్టీ ఎత్తు సరిపోయిందో లేదో చెప్పగలను.